నెత్తి నొస్తాందా? పాత బొమ్మల పత్రికల్లో మాట, నవ్వు, ప్రకటన
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

  

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు గూడ మాట్లాడాలె. గని బడి జ్ఞాపకాలు వద్దు, అవి అందరు చెప్తున్నరు. నీ ఇంట్ల ఆ పాత కాయితాలు ఉంటయి చూడు, వాటి సంగతి చెప్పు" అన్నాడు. అరగంట ఇచ్చాడు. భోజనాల ముందు అరగంట అంటే ఇరవై నిమిషాలని నాకు తెలుసు.

పాత కాయితాలంటే పాత పత్రికలు. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రకటనలు రాసి బతికినవాణ్ని. సబ్బులు, విత్తనాలు, ఫ్యాన్లు, తలనొప్పి మందులు. బొంబాయి నుంచి ఇంగ్లీషులో వచ్చినదాన్ని తెలుగు చేయడం నా ఉద్యోగం. ఆ అలవాటు వల్ల ఎక్కడ పాత పత్రిక కనబడినా ముందు వెనక అట్ట తిప్పి ప్రకటన చూస్తాను, తరువాత జోకులు, ఆ తరువాతే కథ.

నాకు ఇవి రెండు దారుల్లో వచ్చాయి. మెట్టుగూడ, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కొన్ని ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోతూ పాత సామాను కబాడీకి వేసేవి. అట్లా తూకానికి వచ్చిన కట్టల్లో లండన్ 'పంచ్' పత్రిక సంచికలు, 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' విడి పేజీలు దొరికాయి. రెండో దారి మన అమ్మల ట్రంకు పెట్టెలు. వారపత్రికలో సీరియల్ పేజీలు వారం వారం చింపి, దాచి, చివరికి సూదీదారంతో కుట్టి ఇంటింటికీ తిప్పేవాళ్లు గదా, ఆ కుట్టు పుస్తకాలు.

ఈ రెండింటికీ ఒక తమాషా సంబంధం ఉంది. ఇంగ్లండులో పాత పత్రికల్ని సంపుటాలుగా బైండు చేయించేటప్పుడు ప్రకటనలున్న అట్టలు, పై పేజీలు తీసిపారేసి లోపలి సరుకు మాత్రమే కుట్టించడం మామూలు. ప్రకటన చెత్త అనుకున్నారు. ఇప్పుడు పరిశోధకులు ఆ చెత్త కోసమే వెతుక్కుంటున్నారు. మన అమ్మలు సీరియల్ కోసం చింపారు కానీ, మన పత్రికల్లో సీరియల్ పేజీ అడుగున జోకు ఉండేది, పక్క కాలంలో ప్రకటన ఉండేది. కాబట్టి కథతో పాటు అవి కూడా బతికిపోయాయి. ఒక్కో పేజీకి అటు హీరోయిన్ కన్నీళ్లు, ఇటు గ్రైప్ వాటరు.

ఇక పత్రికలు పెట్టినవాళ్ల సంగతి. నాటింగ్‌హామ్‌లో హెర్బర్ట్ ఇంగ్రామ్ అని ఒక ప్రింటరు ఉండేవాడు. పేపర్లు కూడా అమ్మేవాడు. బొమ్మ ఉన్నరోజు పేపరు ఎక్కువ పోతుందని కనిపెట్టాడు. అయితే పత్రిక పెట్టడానికి డబ్బు కావాలి గదా. అది మాత్రల నుంచి వచ్చింది. 'పార్స్ లైఫ్ పిల్స్' అని అమ్మేవాడు. థామస్ పార్ అనే పల్లెటూరి ముసలాయన 152 ఏళ్లు బతికాడని వాళ్లకో కథ ఉంది. 1635లో పోతే ఆయన్ను వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. ఆ ముసలాయన పేరు పెట్టిన మాత్రలు. ఈ మాత్రలు వేసుకుంటే మీరూ అంతకాలం బతకవచ్చునన్న ఆశ అమ్మకం. ఆ లాభంతో, ఆ మాత్రలకు ఇంకా ప్రచారం కావాలన్న ఆలోచనతో కూడా, 1842 మే 14న 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' మొదలైంది. వెల ఆరు పెన్నీలు, 16 పేజీలు, 32 చెక్క బ్లాకుల బొమ్మలు. మొదటి సంచికలో హాంబర్గ్ నగరం తగలబడిన వార్త వేశారు. అక్కడికి వెళ్లి గీసే వ్యవధి లేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పాత హాంబర్గ్ బొమ్మ ఒకటి తెచ్చి, దాని మీద మంటలు గీసి అచ్చు వేశారు. వాట్సాప్ రాకముందే ఇటువంటి పనులు ఉన్నాయని మన పిల్లలకు చెప్పండి.

మాత్రలు అమ్మినవాడి డబ్బుతో పత్రిక అంటే మీకు ఎవరో గుర్తురావాలి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. బొంబాయిలో 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. మొదట్లో దాన్ని సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టేవారట. ఆలోచించండి, నాలుగు గంటల కచేరీ, జనం, ఉక్క. తలనొప్పి ఎక్కడ వస్తుందో మందు అక్కడ ఉంది! నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంతకన్నా తెలివైన ప్రచారం నేను చూడలేదు. ఆ డబ్బుతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. 1924లో సాహిత్యానికి విడిగా 'భారతి' వచ్చింది. మన తాతల కాలపు పెద్ద పండితుల వాదాలు, చరిత్ర వ్యాసాలు, శాసనాల చర్చలు ఇవన్నీ మన ముత్తవ్వల నుదుటి మీద రాసిన పసుపుపచ్చని మందు ఖర్చుతో అచ్చయ్యాయి. ఇది వెటకారంగా అనడం లేదు. నేను ప్రకటనల మనిషిని, నాకిది గర్వంగా ఉంటుంది.

ఆయన ఒక్కరే అనుకోకండి. మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరిగారు 'లోధ్ర' అని ఆడవాళ్ల ఆరోగ్యానికి ఒక మందు అమ్మేవారు. 1928లో ఆడవాళ్ల కోసమే 'గృహలక్ష్మి' పత్రిక పెట్టారు. రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించేవారు. మందు కొనేదీ, పత్రిక చదివేదీ ఒకే ఇల్లాలు. చూడండి ఎంత చక్కగా కుదిరిందో.

మందులవాళ్లే ఎందుకు పత్రికలు పెట్టారు, బట్టల వ్యాపారులు ఎందుకు పెట్టలేదు అంటే నాకు తోచిన జవాబు ఇది. బట్ట పట్టుకుని చూడవచ్చు. సీసాలో మందు పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు. అమ్మేవాడి మాట నమ్మాలి. మాట నమ్మాలంటే ఆ మాట వారం వారం మన ఇంటికి రావాలి, మన మనిషి మాట్లాడినట్టు ఉండాలి. పత్రిక చేసే పని అదే. మన ఊళ్లో పత్రిక పెట్టని మందు కూడా ఉంది లెండి. అంబర్‌పేటలో కార్ఖానా ఉన్న జిందా తిలిస్మాత్. హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో మొదలుపెట్టారు. పత్రిక బదులు గోడలే వాడుకున్నారు. ఆ సీసా మీది దృఢమైన నల్లమనిషి బొమ్మ తెలియని రైల్వే ఇల్లు మన చుట్టుపక్కల ఉండేది కాదు.

సరే, నవ్వు దగ్గరికి వద్దాం. 'పంచ్' 1841లో మొదలైంది. ఈరోజు మనం కార్టూన్ అనే మాటను ఈ అర్థంలో వాడుతున్నామంటే 1843లో ఆ పత్రిక పెట్టిన అలవాటే. అంతకుముందు కార్టూన్ అంటే పెద్ద చిత్రానికి ముందు వేసుకునే నమూనా గీత మాత్రమే. పార్లమెంటు భవనం గోడల కోసం అటువంటి నమూనాలు ప్రదర్శనకు పెడితే, పంచ్ వాళ్లు వెక్కిరిస్తూ తమ బొమ్మకు ఆ పేరు పెట్టుకున్నారు. పేరు అట్లాగే నిలిచిపోయింది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో పేర్స్ సబ్బు ప్రకటనల్లో పెద్ద పెద్దవాళ్లు, నాటకాల నటీమణులు 'నేను ఈ సబ్బే వాడతాను' అని చెప్పేవారు. మన సినిమా తారల సబ్బు ప్రకటనలకు తాతలు అవి. 1884లో హ్యారీ ఫర్నిస్ అనే చిత్రకారుడు పంచ్‌లో ఒక బొమ్మ వేశాడు. ఒళ్లంతా మట్టి కొట్టుకుపోయిన దేశదిమ్మరి ఒకడు కూర్చుని సబ్బు కంపెనీకి ఉత్తరం రాస్తున్నాడు. రెండేళ్ల కింద మీ సబ్బు వాడాను, అప్పటి నుంచి ఇంకే సబ్బూ వాడలేదు అని. జనం పడిపడి నవ్వారు. పేర్స్ వాళ్లేం చేశారు? కోర్టుకు పోలేదు. ఆ బొమ్మ వాడుకునే హక్కు తీసుకుని తమ ప్రకటనగానే అచ్చు వేయించి ఊరూరా అంటించారు. తమను వెక్కిరించిన నవ్వును తామే కొనేసుకున్నారు. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు నేను మొదటిరోజు చెప్పే పాఠం ఇదే.

కానీ కబాడీలో కొన్న పంచ్ సంచికలు చదువుతుంటే నన్ను పట్టుకున్నది బొమ్మ కాదు, బొమ్మ కింద మాటలు. ఇప్పటి కార్టూన్ లాగా ఒక్క ముక్క ఉండదు. చిన్న నాటకమంత ఉంటుంది. యజమానురాలు అన్నది, పనిమనిషి అన్నది, మళ్లీ యజమానురాలు అన్నది. నవ్వు ఎక్కడ పుడుతుందంటే, ఎక్కువసార్లు, ఎవరు ఎట్లా మాట్లాడారు అన్న చోట. లండన్ పేటల్లో కూలినాలి జనం మాట మొదట్లో వచ్చే హకారం మింగేస్తారు. 'హౌస్' అనరు, 'అవుస్' అంటారు. మనవాళ్లు స్టేషన్‌ను 'టేషన్' అన్నట్టు. పంచ్‌వాళ్లు ఆ మింగిన హకారాన్ని అచ్చులో కామా పెట్టి మరీ చూపించేవారు. హ్యారీ అనే పేరే 'ఆరీ' చేసి, ఆ పేరుతో ఒక పేటకుర్రాడి చేత పాటలు కట్టించి ఏళ్ల తరబడి నడిపారు. జాన్ లీచ్ అనే గొప్ప చిత్రకారుడు పనిపిల్లలు దొరసానుల్లా మాట్లాడబోతే ఎట్లా ఉంటుందో బొమ్మల వరసే వేశాడు.

అన్నీ అట్లాంటివే అనను. 1895లో జార్జ్ డు మోరియే వేసిన బొమ్మ ఒకటి ఉంది. బిషప్పుగారి ఇంట్లో పొద్దున ఫలహారం. కిందిస్థాయి చర్చి ఉద్యోగి, కుర్రవాడు, బెదురుతూ కూర్చున్నాడు. అయ్యో, మీకు పాడైన గుడ్డు వచ్చినట్టుందే అంటారు బిషప్పుగారు. లేదండీ, ఇందులో కొన్ని భాగాలు చాలా బాగున్నాయండీ అంటాడు కుర్రవాడు. కుళ్లిన గుడ్డులో మంచి భాగం! ఇంగ్లీషులో ఇప్పటికీ దాన్ని సామెతలా వాడతారు. డివిజనల్ ఆఫీసరు ఇంటికి చాయకు వెళ్లిన గుమాస్తా ఎవరైనా ఈ బొమ్మకు నవ్వుతాడు, ఎందుకంటే అది అతని కడుపులో మాట. ఆ నవ్వు పెద్దవాడి బల్ల మీదికి కూడా వెళుతుంది.

ఐర్లండు వాళ్ల విషయంలో పంచ్ చేసింది వేరు. 'ఆలిస్' పుస్తకానికి అంత అందమైన బొమ్మలు వేసిన జాన్ టెనియలే ఐరిష్ తిరుగుబాటుదారుల్ని కోతిమొహాలతో గీశాడు. మన దగ్గరికి కూడా వచ్చారు. 1890లలో ఎఫ్. ఆన్‌స్టీ అనే రచయిత పంచ్‌లో బాబూ జాబర్జీ, బి.ఏ. అని ఒక బెంగాలీ పాత్రను నడిపాడు. లండన్‌కు బారిస్టరు చదువుకు వచ్చిన కుర్రవాడు. అతని పొడుగాటి, పెద్ద పెద్ద మాటల ఇంగ్లీషే హాస్యం. 1897లో పుస్తకంగా వచ్చింది. బాగా రాశాడు, అబద్ధమెందుకు, నాకూ రెండుచోట్ల నవ్వొచ్చింది. నవ్వాక ఒక అనుమానం కూడా వచ్చింది. ఈ మనిషికి ఇంటి దగ్గర ఒక భాష ఉంటుంది గదా, అందులో ఇతను ఎట్లా మాట్లాడతాడు? ఆన్‌స్టీకి ఆ ప్రశ్నే లేదు.

ఇప్పుడు మన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' తీసుకోండి. మొదటి భాగం 1924లో వచ్చింది. ఇతనూ బారిస్టరు చదువుకే వెళ్లాడు. ఇతనికీ ఇంగ్లీషు మర్యాదలు తెలియవు. తెలియక ఆడవాళ్ల టోపీ కొని పెట్టుకుంటాడు. జాబర్జీకి పడిన తిప్పలకు ఏమీ తక్కువ కాదు. కానీ పుస్తకం మొత్తం పార్వతీశం తన తెలుగులో తాను చెప్తాడు. మొగల్తూరు నుంచి బయల్దేరిన వాడి కళ్లతో మనం లండన్ చూస్తాం. టోపీ పెట్టుకున్నవాడు వింతగా ఉన్నాడు సరే, ఇన్ని రకాల టోపీలు పెట్టుకున్న దేశం ఇంకా వింతగా ఉంది. జాబర్జీని చూసి నవ్వినవాళ్లు అతని పక్కన కూర్చోలేదు. పార్వతీశం పక్కన మనం రైల్లో, పడవలో కూర్చుని వెళ్లాం.

తెలుగులో హాస్యపత్రిక పంచ్ తరవాత ఎంతో ఆలస్యంగా ఏమీ రాలేదు. కొక్కొండ వెంకటరత్నం పంతులుగారికి, కందుకూరి వీరేశలింగం పంతులుగారికి పత్రికల్లో పోరు నడిచింది. ఆయన 'హాస్యవర్ధని'కి పోటీగా ఈయన 1876లో 'హాస్యసంజీవని' పెట్టారు. తెలుగు అచ్చులో నవ్వు పుట్టడమే ఒక తగవుతో పుట్టింది. ఆ తరవాత భారతిలో తలిశెట్టి రామారావుగారి బొమ్మలు వచ్చాయి. మన తొలి తెలుగు కార్టూనిస్టు ఆయనే. అక్కడి నుంచి గబగబా బాపు-రమణల దగ్గరికి వచ్చేస్తాను, టైము లేదు.

1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణగారి 'బుడుగు' వచ్చింది. చిన్నపిల్లవాడు ఎట్లా మాట్లాడతాడో అట్లాగే, వాడి తప్పులతో, వాడి గొప్పలతో అచ్చులో పెట్టారు. పెద్దవాళ్ల భాష వాడికి ఎంత వింతగా వినబడుతుందో కూడా చూపించారు. బొమ్మ వేసిన బాపుగారు మద్రాసులో జె. వాల్టర్ థామ్సన్ ప్రకటనల కంపెనీలో కూడా పనిచేశారు. ఈ సంగతి నేను ఎక్కడికి వెళ్లినా చెప్తాను. మా వృత్తికి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు.

బుడుగు మాట అచ్చులోకి వచ్చింది. గోదావరి మాట వచ్చింది, అంతకుముందే గురజాడవారి గిరీశంతో విజయనగరం మాట వచ్చింది. మరి మన మాట?

ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఇళ్లలో మాట్లాడేది తెలంగాణ తెలుగు. మిగతావాళ్లలో బదిలీ మీద గుంటూరు, బెజవాడ నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగుల పిల్లలు, తమిళం మాట్లాడేవాళ్లు, దక్కనీ ఉర్దూవాళ్లు ఉన్నారు. మన గ్రౌండులో ఇవన్నీ కలిసి మోగేవి. వారపత్రికలు మాత్రం మద్రాసు నుంచి, బెజవాడ నుంచి వచ్చేవి. అమ్మల కుట్టు పుస్తకాల్లో సీరియల్ పేజీ అడుగున ఉన్న జోకుల్ని నేను కూర్చుని చూశాను. వాటిల్లో డాక్టరు మాట్లాడతాడు, పేషెంటు మాట్లాడతాడు, మొగుడు పెళ్లాం మాట్లాడతారు. అందరిదీ ఒకే తెలుగు. 'గిట్ల', 'గట్ల', 'ఏడికి' అన్న మాట వచ్చిందంటే మాట్లాడేది రిక్షావాడో, దొంగో, పనిమనిషో. తరవాత సినిమాల్లో అదే జరిగింది. విలన్ పక్కన నిలబడే రౌడీకి, కమెడియన్‌కు మన యాస. లీచ్ పనిపిల్లలకూ పంచ్ 'ఆరీ'కీ ఇచ్చిన పాత్రే మనకూ ఇచ్చారు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు ఆఖరి పీరియడ్‌లో వారపత్రిక జోకులు చదివించారు. నౌకరు మాటలు నా చేత చదివించారు. "నీ నోటికయితే సరిగ్గా సరిపోతాయిరా" అన్నారు. చదివాను. క్లాసంతా నవ్వింది, నేను కూడా నవ్వాను. చదివించినవారు చెడ్డవారు కాదు. నాకు వ్యాకరణం నేర్పింది వారే. ఇంటికి వెళ్లాక మా అవ్వ "అన్నం తిన్నవా బిడ్డా" అంటే, ఆ మాట నాకు కొత్తగా వినబడింది, ఎవరో పక్కనుంచి వింటున్నట్టు. అంతే. దాన్ని పెద్ద గాయంలాగా చెప్పను. కానీ ఆ తరవాత రెండేళ్లు ఇంట్లో ఒక తెలుగు, బడిలో ఒక తెలుగు మాట్లాడాను. ఇక్కడ చేతులెత్తమంటే చాలామంది ఎత్తుతారు.

ఉద్యోగంలో జరిగింది దీనికన్నా ముఖ్యం. 1990లలో ఒక కంపెనీ, పేరు వద్దు, తలనొప్పి మందు తెచ్చింది. కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో గోడల మీద రాయించాలి. బొంబాయి ఇంగ్లీషు మామూలే, తలనొప్పి నుంచి నిమిషాల్లో విముక్తి అని. నేను ఆ విముక్తి పక్కన పెట్టి రెండు మాటలు రాశాను: "నెత్తి నొస్తాందా?" కింద మందు పేరు.

కంపెనీ మేనేజరు చదివి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు సంతోషమేసింది, ప్రకటన పట్టుకుంది అనుకున్నాను. అప్పుడాయన అన్నాడు: "బాగుందండీ, కానీ ఈ భాషలో నవ్వించొచ్చుగానీ నమ్మించలేం. మందు గదా. కొంచెం మర్యాదగా ఉండాలి."

ఆ మాట నేను మరచిపోలేదు, ఎందుకంటే ఆయన తన లెక్కలో సరిగ్గానే మాట్లాడాడు. ఇరవై ముప్పై ఏళ్లు జోకుల్లో, సినిమాల్లో ఒక భాషను నవ్వు కోసమే వాడితే, ఆ భాషలో జ్వరం సంగతి చెప్పినా, అప్పు సంగతి చెప్పినా, చావు కబురు చెప్పినా వినేవాడి పెదవి ముందుగానే వంకర తిరుగుతుంది. పంచ్ అంత గొప్ప పత్రిక హకారం మింగిన మనిషికి చేసింది ఇదే. అతను హాస్పిటల్లో నొప్పి అన్నా 'ఆస్పిటల్' అన్నాడనే వింటారు.

గోడల మీద చివరికి 'తలనొప్పా?' అని పడింది. నెలరోజుల తరవాత జమ్మికుంట దగ్గర ఒక మందుల షాపులో నిలబడి చూశాను. అరగంటలో ముగ్గురు వచ్చారు. ఒకామె "నెత్తినొప్పి గోలి ఇయ్యి" అన్నది. ఒకాయన "నెత్తికి రాసుకునేది ఉన్నదా" అన్నాడు. మూడో ఆయన ఏమీ అనలేదు, నుదురు పట్టుకుని చూపించాడు. షాపు బయట గోడ మీద మాత్రం మా మర్యాద మెరుస్తున్నది. నాగేశ్వరరావు పంతులుగారు కచేరీలో తలనొప్పి దగ్గరికే మందు తీసుకెళ్లారు. మేము మందును తలనొప్పి నుంచి దూరంగా నిలబెట్టాం.

మన పక్కింటి దక్కనీవాళ్లు ఈ విషయంలో మనకన్నా ముందున్నారని నా అభిప్రాయం. లక్నో ఉర్దూవాళ్లు దక్కనీ విని నవ్వేవాళ్లే. ఇక్కడివాళ్లు ఆ దక్కనీనే పట్టుకుని ముషాయిరాల్లో హాస్యకవిత్వం చెప్పారు. గుల్బర్గా సులేమాన్ ఖతీబ్ చదువుతుంటే జనం నవ్వుతూ నవ్వుతూ చివరికి కళ్లు తుడుచుకునేవారు. హైదరాబాదు నుంచి 'షుగూఫా' అనే ఉర్దూ హాస్య మాసపత్రిక 1968 నుంచి వచ్చింది. మనవైపు పాకాల యశోదారెడ్డిగారు తెలంగాణ ఊళ్ల మాటతోనే కథలు రాశారు. చదివి నవ్వండి, ఆమె మనుషులు మిమ్మల్నే చూసి నవ్వుతున్నట్టుంటుంది.

ఇప్పుడు కాలం మారింది. కాళోజీగారి పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేశారు. సినిమా హీరోలు మన యాసలో మాట్లాడుతున్నారు. ఎఫ్‌ఎం రేడియోలో బిస్కెట్ల నుంచి బంగారం దాకా 'మస్తు', 'జబర్దస్త్' అంటున్నారు. సంతోషమే. కానీ ప్రకటనల మనిషిగా నా చెవికి ఒకటి తగులుతుంది. బిస్కెటుకు మన యాస ఇస్తారు, బీమా పాలసీకి ఇవ్వరు. పండగ డిస్కౌంటు మన మాటలో చెప్తారు, గుండె ఆపరేషన్ ఆస్పత్రి మాత్రం పుస్తకాల తెలుగే మాట్లాడుతుంది. నవ్వించే పని ఇంకా మన దగ్గరే ఉంది, నమ్మించే పని వేరేవాళ్ల దగ్గర ఉంది. ఒప్పుకోనివాళ్లు ఇవాళ సాయంత్రం రేడియో పెట్టుకుని లెక్కపెట్టండి.

మనం చెప్పుకున్న పత్రికల్లో చాలావరకు ఇప్పుడు లేవు. భారతి 1991లో ఆగింది, మరుసటి ఏడాదే పంచ్ ఆగింది. పంచ్‌ను మధ్యలో లేపారు గానీ 2002లో మళ్లీ పోయింది. పాతవి చూడాలనుకునేవాళ్లకు సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, 1901 నుంచి. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే ఎంతో దూరం కాదు. అంతకన్నా ముందు మీ ఇళ్లలో అటక మీద చూడండి. కుట్టు పుస్తకం దొరికితే అట్టలు చింపి శుభ్రం చేయకండి, ఉన్నదున్నట్టు నాకివ్వండి. ఫొటోలు తీసుకుని తిరిగి ఇచ్చేస్తాను.

ఒక విజ్ఞప్తి ఉంది. సంఘం స్వర్ణోత్సవ సంచిక వేస్తున్నది. ఇంగ్రామ్‌గారి సూత్రమే, వెనక పేజీల ప్రకటనలు ముందు పేజీల కాయితం ఖర్చు భరించాలి. సంచికకు ప్రకటనలు ఇచ్చే మిత్రులు ఇరవై మంది దాకా ఉన్నారు. కిరాణా, టిఫిన్ సెంటరు, ల్యాబు, ట్యూషన్లు, ఒక డెంటల్ క్లినిక్. మామూలుగా అందరూ 'స్వర్ణోత్సవ శుభాకాంక్షలతో' అని రాసి కింద పేరు, ఫోను నంబరు వేస్తారు. ఈసారి మీ కౌంటరు దగ్గర మీరు ఎట్లా మాట్లాడతారో అట్లా రాసివ్వండి అని నేను అడిగాను. గుంటూరువాళ్లు గుంటూరు మాటలో, మనవాళ్లు మన మాటలో. ముగ్గురు ఒప్పుకున్నారు. డెంటల్ క్లినిక్ చెల్లె మొదట "అంకుల్, డాక్టర్లం గదా" అని ఆగింది. నిన్న రాత్రి ఫోనులో పంపింది: "పన్ను నొస్తె ఓర్సుకోకుండ్రి. వచ్చి చూపెట్టుండ్రి." కింద ఆమె డిగ్రీలు, టైములు.

నాకు నవ్వు రాలేదు. వెళ్లి చూపించుకోవాలనిపించింది, ఎడమవైపు కింది పన్ను చాలా రోజులుగా సతాయిస్తున్నది.

కార్యదర్శి గడియారం చూపిస్తున్నాడు. భోజనాలు తయారట.